ఉబ్బసము - కంటి చుక్కలు

 

నేను విశాఖపట్టణమున వైద్యవిద్య నేర్చి, ఈ పట్టణమునందే ముప్పది అయిదేండ్లకు పైగా వైద్యవృత్తి సాగించి, ఇప్పుడు విశ్రాంతి తీసికొనుచున్న వాడను. నేడు నేను మాటలాడబూనిన విషయము ఉబ్బసము. ఉబ్బసమును గూర్చి మీకు క్రొత్తగా చెప్పవలసినదేమున్నది? మీలో చాలమంది ఇండ్లకు అది పాత చుట్టము. పిలువకయే వచ్చును, పొమ్మన్నను పోదు. అయినను ఈ చుట్టమును గూర్చి మా పెదనాన్నగారి మూలమున నాకొక పాఠము అబ్బినది. వైద్యుడనై యుండియు ఆ పాఠమును ఆలస్యముగా నేర్చుకొంటిని. ఆ ఆలస్యము మీ ఇండ్లలో కలుగకుండవలెనని ఈ నాలుగు మాటలు మనవి చేయుచున్నాను.

మాది అనకాపల్లి చేరువనున్న పల్లె. మా పెదనాన్నగారు చెఱకు పండించి బెల్లము వండించెడివారు. ఆయనకు చిన్ననాటి నుండి ఉబ్బసము కలదు. గానుగలాడు దినములలో పొయ్యిపొగ తగిలినచో ఆ రాత్రి ఆయన మంచముపై పండుకొనజాలక, మోకాళ్ళమీద చేతులానించి కూర్చుండి తెల్లవార్చెడివారు. నేను వైద్యుడనైన తరువాత ఆయనకు సాల్బ్యుటమాల్ అను పీల్చు మందు గొట్టము నిచ్చితిని. రెండు మారులు పీల్చగనే అయిదారు నిముషములలో ఊపిరి సుళువయ్యెడిది. "ఒరే అబ్బాయీ! నీవు చదివిన చదువంతయు ఈ గొట్టములోనే యున్నదిరా" అని ఆయన నవ్వెడివారు. పదేండ్లు ఆ గొట్టము ఆయనకు మాట తప్పలేదు.

ఇప్పటికి సుమారు ముప్పది ఏండ్ల క్రిందట, ఒక కార్తికమాసమున, ఆయన చూపు మందగించినదని కంటివైద్యమునకు పోయిరి. నీటికాసులని తేలినది. ఆ వ్యాధిలో కంటిలోపలి ఒత్తిడి పెరిగి చూపునరము నశించును. ఉదయము సాయంకాలము వేసికొనుటకు చుక్కల మందిచ్చిరి. అక్కడ ఉబ్బసము మాట రాలేదు. వారు అడుగలేదు, ఈయన చెప్పలేదు. కంటికిని ఊపిరికిని సంబంధమేమని ఎవరికి తోచును?

మూడు వారములు గడచునప్పటికి ఆయనకు రాత్రులందు దగ్గు, పిల్లికూతలు మొదలయినవి. నా యొద్దకు వచ్చిరి. నేను పరీక్షించి, "పెదనాన్నగారూ! క్రొత్తగా మందులేమైన వాడుచున్నారా?" అని అడిగితిని. "లేదురా అబ్బాయీ! నీవిచ్చిన గొట్టము తప్ప మరేమియు నోట పెట్టుట లేదు" అనిరి. ఆయన సత్యమే చెప్పిరి. నోట పెట్టునదే మందు అని ఆయన భావము. నేను మంచు కాలమనియు, బెల్లపు పొగయనియు తలచి, పీల్చుమందు మరికొంత ఎక్కువగా వాడుమని చెప్పి పంపివేసితిని.

నాలుగవనాటి రాత్రి ఆయనను బండిలో పట్టణమునకు తెచ్చిరి. పెదవులు నీలివన్నె తిరిగినవి. మాట మాటకు నడుమ ఊపిరికై ఆగవలసి వచ్చుచుండెను. ఎన్ని మారులు గొట్టము నొక్కినను ఫలము లేదు. ఆ రాత్రి రెండు వింతలు నా కండ్ల యెదుటనే యుండెను. ఆ మందు పీల్చిన యెడల ఎప్పుడును ఆయన వ్రేళ్ళు కొంచెము వణకెడివి. ఆ రాత్రి వణకలేదు. ఉబ్బసము తీవ్రమైనపుడు నాడి నిమిషమునకు నూరును దాటి పరుగెత్తవలెను. ఆయన నాడి అరువది లోపుగా మెల్లగా నడచుచుండెను. చూచితిని గాని ఆ రెంటిని కలిపి ఆలోచింపలేదు. ఆసుపత్రిలో వేరొక మందును ఆవిరిగా పట్టినపుడు తెల్లవారుజామునకు ఊపిరి కొంత మరలినది.

అప్పుడు మా దొడ్డమ్మ వచ్చి, కొంగుముడి విప్పి ఒక చిన్న సీసా తీసి, "నాయనా! తెల్లవారినది. ఆయన కంట చుక్కలు వేయు వేళయినది. వేయవచ్చునా?" అని అడిగినది. నేను ఆ సీసా తీసికొని దాని మీది పేరు చదివితిని. టిమోలాల్. నా కాళ్ళ క్రింద భూమి కదలినట్లయినది. రాత్రియంతయు నేనొక తలుపును బలముగా త్రోయుచుంటిని. ఆ తలుపు తాళమును ఈ చుక్క మూసివేసినది. మా దొడ్డమ్మ అడుగకయే ఆ చుక్క వేసియుండిన యెడల ఏమి జరిగియుండునో నేడు తలచుకొన్నను గుండె ఝల్లుమనును.

ఆ తాళమేమి? దాని కథ యేమి? అదియే నేటి నా ప్రసంగము.

మన ఊపిరిగొట్టము తలక్రిందుగా నిలిపిన చెట్టు వంటిది. కంఠము నుండి దిగిన మొదలు రొమ్మున రెండు కొమ్మలై, అవి మరల రెండేసి చీలుచు, సుమారు ఇరువది మూడు మారులు చీలి, చివరకు గాలితిత్తులలో ముగియును. చిన్న కొమ్మల చుట్టును సన్నని కండరపు పోగులు చుట్టుకొని యుండును. చేతి కండరము మన మాట వినును. ఈ కండరము మన ఇచ్ఛకు లోబడదు. ఉబ్బసము వచ్చినపుడు మూడు పనులు జరుగును. ఈ కండరము బిగియును. గొట్టపు లోపలి పొర వాచును. జిగురు కఫము ఊరి దారి నడ్డగించును. గాలి పీల్చునపుడు రొమ్ము విరియుటచే గొట్టములు కొంత తెరచుకొనును, విడుచునపుడు ముడుచుకొనును. అందుచేతనే ఉబ్బసరోగికి పీల్చుటకంటె విడుచుట కష్టము. ఇరుకు సందులో దూరిపోవు గాలి చేయు ధ్వనియే పిల్లికూత.

ఈ కండరమునకు ఇద్దరు యజమానులు కలరు. ఒకటి మెదడు నుండి దిగి వచ్చు వేగస్ నాడి. అది బిగింపుమని ఆజ్ఞాపించును. రెండవది అడ్రినలిన్ అను రసము. అది సడలింపుమనును. మన మూత్రపిండములపై టోపీల వలె రెండు చిన్న గ్రంథులున్నవి. వాని నుండి ఈ రసము రక్తమున కలియును. వింత యేమనగా, మనుష్యుల ఊపిరిగొట్టపు కండరమునకు అడ్రినలిన్ జాతి రసముతో సడలింపుమని చెప్పు నాడులు లేవన్నంత తక్కువ. రక్తముతో వచ్చు అడ్రినలినే దానికి ఆధారము. ఈ రసము రక్తమున తెల్లవారుజామున మిక్కిలి తగ్గియుండును. కోడికూతకు ముందు ఉబ్బసము ఏల హెచ్చునని మీరెన్నడైన అడిగియుందురు. దానికున్న కారణములలో ఇదియొకటి.

పొలము గట్టున నడచుచు కాలిప్రక్కను నాగుపాము పడగ విప్పుట చూచినవాని స్థితి తలచుకొనుడు. గుండె దడదడ కొట్టుకొనును. ముఖము పాలిపోవును. చేతులు వణకును. ఊపిరి బారలు సాచినట్లు విశాలమగును. ఇదంతయు అడ్రినలిన్ చేయు పని. పరుగెత్తుటకో, కఱ్ఱ యెత్తుటకో దేహమును సిద్ధపరచుటయే దాని ఉద్దేశము. కాని చూడుడు: ముఖముపై రక్తనాళముల కండరమును అది బిగించినది, ఊపిరిగొట్టపు కండరమును సడలించినది. రసము ఒక్కటే, కండరములు రెండును ఒక జాతివే, ఫలములు మాత్రము విరుద్ధములు. ఇది యెట్లు పొసగును?

ఈ ప్రశ్న శాస్త్రజ్ఞులను ఏబది ఏండ్లకు పైగా వేధించినది. 1894, 1895 సంవత్సరములలో ఇంగ్లండునందు ఆలివర్, షేఫర్ అనువారు ఈ గ్రంథిరసము రక్తపు ఒత్తిడిని పెంచునని చూపిరి. 1901లో జపానుదేశీయుడైన టకమినె దానిని శుద్ధముగా వేరుచేసి ప్రకటించెను. 1903 నాటికే దానిని సూదిమందుగా ఉబ్బసరోగుల కిచ్చి గుణము చూచిరి. గుణము కలిగినది, గుండెదడయు, తలనొప్పియు వెంట వచ్చినవి. ఎందుకో తెలియలేదు.

1948లో అమెరికాలోని జార్జియా రాష్ట్రమున రేమండ్ ఆల్క్విస్ట్ అను ఆచార్యుడు దీనికి సమాధానము చెప్పెను. అడ్రినలిన్ వంటి పదార్థములను కొన్నింటిని తీసికొని, ఏది ఏ యవయవముపై ఎంత పని చేయునో వరుస కట్టెను. రెండు వేర్వేరు వరుసలు తేలినవి. కాబట్టి కణములపై రెండు రకముల తాళములుండవలెనని అతడు ఊహించి, వానికి ఆల్ఫా అనియు బీటా అనియు పేరులు పెట్టెను. తాళపుచెవి ఒకటియే యైనను, అది తిరిగిన తాళమును బట్టి తెరచుకొను గది వేరగును. ఆతని వ్యాసమును మొదట నొక పత్రిక త్రిప్పిపంపినది. వేరొక పత్రికలో అచ్చయిన తరువాతను చాలకాలము వరకు ఎక్కువమంది దానిని పట్టించుకొనలేదు. ఈ తాళములనే శాస్త్రమున గ్రాహకములందురు.

1967లో ల్యాండ్స్ మొదలగువారు బీటా తాళములును ఒక రకము కావని చూపిరి. ఇప్పుడు మనకు తెలిసినది ఇది. ఆల్ఫా తాళములు ముఖ్యముగా రక్తనాళపు గోడలను బిగించును. ముఖము పాలిపోవుటకు ఇవియే కారణము. మొదటి బీటా తాళములు విశేషముగా గుండెలో నుండి దాని వేగమును బలమును పెంచును. రెండవ బీటా తాళములు ఊపిరిగొట్టపు కండరముపై నుండి దానిని సడలించును. చేతుల కండరములలోను ఉండుటచే వణకు పుట్టించును. మూడవ బీటా తాళములు తరువాత తెలిసివచ్చినవి. అవి క్రొవ్వులోను మూత్రాశయపు గోడలోను ఉండును. గుండెలోను రెండవ రకము కొంత కలదు గనుక ఈ విభజన గోడ కట్టినట్లుండదు. పొలముల నడుమ గట్టు వలె నుండును.

ఈ విభజన తెలియుటకు ముందు జరిగిన కష్టము వినుడు. 1940 ప్రాంతమున ఐసోప్రినలిన్ అను మందు వచ్చినది. అది ఆల్ఫాను ముట్టదు గాని మొదటి బీటాను, రెండవ బీటాను సమముగా త్రిప్పును. ఊపిరి తెరచును, గుండెను పరుగెత్తించును. 1956లో నొక్కిన ప్రతిసారి ఒకే కొలత మందు వచ్చు పీల్చు గొట్టములు అమెరికాలో అంగడికి వచ్చినవి. 1960 తరువాతి దశాబ్దమున ఇంగ్లండు మొదలగు దేశములలో ఉబ్బసముచే యువకుల మరణములు హఠాత్తుగా హెచ్చినవి. గుండెపై మందు చేసిన ఒత్తిడియే కారణమని కొందరు, గొట్టమును నమ్ముకొని వైద్యుని యొద్దకు ఆలస్యముగా పోవుటయే కారణమని కొందరు వాదించిరి. అటుపిమ్మట రెండవ బీటాను మాత్రమే ముఖ్యముగా త్రిప్పు తాళపుచెవికై వెదకి, 1969 నాటికి సాల్బ్యుటమాల్‌ను డేవిడ్ జాక్ అనునాతని బృందము ఇంగ్లండున వాడుకకు తెచ్చినది. మా పెదనాన్నగారి గొట్టములో నున్నది అదియే.

తాళము తిరిగిన తరువాత గదిలో ఏమి జరుగును? ఇక్కడ మన ఆంధ్రుడొకడు కనబడును. తాళము తిరుగగనే కణములోపల ఒక యంత్రము మేలుకొని, ఏ.టీ.పీ. అను పదార్థమును సైక్లిక్ ఏ.యం.పీ. అను దూతగా మార్చును. ఆ దూత పోయి కండరమును సడలించును. ఈ దూతను కనిపెట్టినందులకు సదర్లండ్ పండితునకు 1971లో నోబెల్ బహుమానము లభించినది. ఆ దూతకు మూలమైన ఏ.టీ.పీ. సకల జీవుల కండరములకును వంటచెఱకు వంటిది. దానిని 1929లో కనుగొన్నవారిలో భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కెతో కలిసి ఆయన ఆ పని చేసిరి. జర్మనీలో లోమన్ అనునాతడు అదే ఏట స్వతంత్రముగా కనుగొనెను. సుబ్బారావుగారు 1948 ఆగస్టులో అమెరికాలో మరణించిరి. ఆల్ఫా బీటాల వ్యాసము అచ్చయిన సంవత్సరమును అదియే. ఒక ఉబ్బసరోగి గొట్టము నొక్కి ఊపిరి తీసినపుడెల్లను ఆ ఇరువురి పరిశోధనలు ఆతని రొమ్ములో ఒకచోట కలియుచున్నవని నాకు తోచును. ఈ తాళముల నిర్మాణమును విప్పి చూపిన లెఫ్కోవిట్జ్, కోబిల్కా అను వారికి 2012లో నోబెల్ బహుమానము వచ్చినది.

ఇక మా దొడ్డమ్మ కొంగుముడిలోని సీసాను గూర్చి చెప్పెదను. తాళములో తాళపుచెవి దూరకుండ చితుకుపుల్ల విరిచి పెట్టినట్లు, బీటా తాళములను మూసివేయు మందులు కలవు. స్కాట్లండుదేశీయుడైన జేమ్స్ బ్లాక్ 1960 తరువాత వీనిని సాధించి, 1988లో నోబెల్ బహుమానమందెను. గుండెనొప్పికి, రక్తపు ఒత్తిడికి, చేతివణకునకు, ఒకవైపు తలనొప్పికి ఇవి గొప్ప మేలు చేసినవి. ప్రొప్రనొలాల్ అట్టిది. టిమోలాల్‌ను కంటిచుక్కలుగా వేసినచో కంటిలో నీటి ఊట తగ్గి నీటికాసులు అదుపునకు వచ్చును. ఈ రెండును మొదటి బీటాను, రెండవ బీటాను కూడ మూయును. ఉబ్బసము లేనివానికి రెండవ బీటా మూసినను సాధారణముగా బాధ తెలియదు. ఉబ్బసము గలవానికి అదియే ప్రాణాధారమైన తలుపు.

ఒక చుక్క ఎంత, దేహమెంత అని మీరనుకొనవచ్చును. నేనును అట్లే అనుకొన్నవాడను. కంటి కొలకున కన్నీటి కాలువ యున్నది. ఏడ్చినపుడు ముక్కు కారుట అందుచేతనే. చుక్కమందు ఆ కాలువ ద్వారా ముక్కులోనికి దిగి, అచ్చటి పలుచని పొర నుండి నేరుగా రక్తమున కలియును. మ్రింగిన మాత్ర ముందు కాలేయమునకు పోయి అక్కడ కొంత నశించును. ఈ చుక్కకు ఆ సుంకపుఠాణా లేదు. అందుచే ఆ రాత్రి మా పెదనాన్నగారి రొమ్మున రెండవ బీటా మూయబడినది గనుక గొట్టము పనిచేయలేదు. చేతులలోని తాళములును మూయబడినవి గనుక వ్రేళ్ళు వణకలేదు. గుండెలో మొదటి బీటా మూయబడినది గనుక నాడి మందగించినది. మూడును ఒక్క వాక్యమే చెప్పినవి. చదువ వలసినవాడనగు నేను చదువలేదు.

అట్లయిన ఆసుపత్రిలో ఆవిరిగా పట్టిన మందు ఎట్లు పని చేసినది? కండరమునకు ఇద్దరు యజమానులని చెప్పితిని గదా. సడలింపుమను వాని నోరు మూయబడియున్నను, బిగింపుమను వాని నోరు కూడ మూయవచ్చును. ఇప్రాట్రోపియం అను మందు వేగస్ నాడి ఆజ్ఞను అడ్డగించును. దాని పూర్వులు మన ఉమ్మెత్త జాతివారు. మన దేశమున ఉమ్మెత్త పొగను ఉబ్బసమునకు పట్టుట పాత వాడుక. చెన్నపట్టణమున కుంపిణీ కాలపు వైద్యాధికారి డాక్టరు ఆండర్సన్ దానిని మెచ్చుకొనగా, జనరల్ జెంట్ అనునాతడు 1802లో ఆ వేరును బ్రిటనుకు కొనిపోయెను. అక్కడి వైద్యులు చాలకాలము దానిని చుట్టలుగా చుట్టి రోగులచే పీల్పించిరి. అట్లని నేడు ఎవరును ఉమ్మెత్తను కాల్చరాదు. దానిలో విషము ఏ ఆకున ఎంత యుండునో కొలతకు దొరకదు. మతి తప్పును, ప్రాణము పోవును. దాని గుణమును మాత్రము నిలుపుకొని విషమును తగ్గించిన మందు ఇప్పుడున్నది.

ఇంకొక ముఖ్యవిషయము. గొట్టముతో ఊపిరి వెంటనే సుళువగుచున్నదని, అదియే చికిత్స యని చాలమంది తలంతురు. విశాఖ రేవును చూచినవారికి ఒక పోలిక చెప్పెదను. 1933లో తెరచిన ఈ రేవులో లోపలి రేవునకు పోవు దారి డాల్ఫిన్స్ నోస్ కొండ ప్రక్క నుండు ఇరుకు కాలువ. సముద్రపు ఇసుక ఆ కాలువను ఎల్లప్పుడును పూడ్చజూచును. ఓడను లోనికి లాగుటకు చిన్న పొగయోడలుండును. ఇసుకను తోడివేయుటకు వేరే తోడు ఓడలుండును. తోడుట మాని, లాగు ఓడలను రెట్టింపు చేసినచో ఏమగును? కొన్నాళ్ళు నడచును, ఒకనాడు పెద్ద ఓడ ఇసుకలో దిగబడును. సాల్బ్యుటమాల్ లాగు ఓడ. అది బిగిసిన కండరమును సడలించును; నాలుగు నుండి ఆరు గంటలలో దాని పని ముగియును. గొట్టపు పొర వాపును అది తీయదు. వాపును తీయునది స్టెరాయిడ్ జాతి పీల్చుమందు. 1972 నుండి వాడుకలో నున్న ఈ జాతిమందు తోడు ఓడ వంటిది. తక్షణము తెలియదు, దినదినము పని చేయుచుండవలెను.

అంతే కాదు. తాళమును మాటిమాటికి త్రిప్పినచో అది అరుగును. రెండవ బీటా తాళములు అతివాడుక వలన మందగించి, కొన్ని కణము పైనుండి లోనికి ముడుచుకొని పోవును. అందుచేత 2019లో ఉబ్బసవైద్యమున ప్రపంచమంతట అనుసరింపబడు మార్గదర్శకము, పెద్దవారును ఎదిగిన పిల్లలును వాపు తీయు మందు లేకుండ సాల్బ్యుటమాల్ మాత్రమే వాడరాదని చెప్పినది. మీ ఇంట నొక గొట్టము నెలలోపుగా ముగియుచున్నదన్న యెడల అది మందు చాలుచున్నదనుటకు గుర్తు కాదు. వ్యాధి పెరుగుచున్నదనుటకు గుర్తు.

పీల్చుమందు అలవాటు పడునని పల్లెలలో ఒక భయము కలదు. ఇది నిజము కాదు. మాత్రలో రెండు నుండి నాలుగు మిల్లీగ్రాముల సాల్బ్యుటమాల్ ఉండును. ఒక్కమారు పీల్చిన దానిలో మిల్లీగ్రాములో పదియవ వంతే యుండును. నేరుగా చేరవలసిన చోటికి చేరును గనుక అంత తక్కువ చాలును. పీల్చు విధము మాత్రము నేర్వవలెను. గొట్టమును బాగుగ కదిపి, ఊపిరి మెల్లగా విడిచి, పెదవులు బిగించి, పీల్చుట మొదలిడగనే నొక్కి, నిదానముగా లోనికి పీల్చి, పది అంకెలు లెక్కించువరకు బిగబట్టవలెను. అది కుదురని వృద్ధులకు, పిల్లలకు నడుమ అమర్చు బుడ్డి దొరకును. స్టెరాయిడ్ మందైనచో పిమ్మట నోరు పుక్కిలింపవలెను.

ఆయాసమంతయు ఉబ్బసము కాదనియు జ్ఞప్తి యుంచుకొనుడు. పొయ్యిపొగచే, చుట్టచే, మన ఉత్తరాంధ్ర స్త్రీలలో కొందరు త్రాగు అడ్డపొగచే ఊపిరితిత్తులు చెడవచ్చును. గుండె నీరసించినను రాత్రి ఆయాసము రావచ్చును. బోదకాలు పురుగు వలన కలుగు ఇసినోఫీలియాయును పిల్లికూతలు పుట్టించును. దానికి వాడు మందు, హెట్రజాన్ అని పేరొందినది, సుబ్బారావుగారి నాయకత్వమున వెలువడినదే. ఈ పట్టణమున రేవులో దిగు బొగ్గు, ముడి ఇనుము వీని దుమ్ము, కర్మాగారముల పొగ ఉబ్బసరోగికి శత్రువులు. మృగశిరకార్తెకు హైదరాబాదుపోయి చేపమందు మ్రింగు ఆచారము మనవారిలో కలదు. దాని గుణము శాస్త్రపరీక్షలచే స్థిరపడలేదు. పోవువారిని నేను నిందింపను. కాని ఆ నమ్మకముతో గొట్టమును అటక మీద పెట్టరాదు.

ఇక నా మనవి. ఇంట ఉబ్బసము గలవారున్నచో మూడు పనులు చేయుడు. మొదటిది: ఏ వైద్యుని యొద్దకు పోయినను, కంటికైనను, పంటికైనను, గుండెకైనను, "నాకు ఉబ్బసము కలదు" అని అడుగకముందే చెప్పుడు. రెండవది: మందులేమి వాడుచున్నారని అడిగినపుడు నోట వేసికొనునవియే గాక, కంట వేయునవి, ముక్కున పీల్చునవి, ఒంటికి రాయునవి, నాటుమందులు, నొప్పి మాత్రలు అన్నియు సంచిలో వేసికొని పోయి చూపుడు. నొప్పి మాత్రలలోను ఆస్పిరిన్ వంటివి కొందరికి ఉబ్బసమును రేపును. మూడవది: ఈ ప్రసంగము విని భయపడి, గుండెకు ఇచ్చిన మాత్రనుగాని నీటికాసుల చుక్కలనుగాని మీ యంతట మీరు మానకుడు. గుండెమాత్ర హఠాత్తుగా మానినచో గుండెకు అపాయము. చుక్కలు మానినచో పోయిన చూపు మరల రాదు. రెండవ బీటాను ముట్టని వేరు జాతి చుక్కలు కలవు. గుండెకును మొదటి బీటానే ముఖ్యముగా మూయు మాత్రలు కలవు. అవియు ఉబ్బసరోగికి పూర్తిగా నిరపాయములు కావు గనుక ఏది తగునో వైద్యుడు నిర్ణయింపవలెను. మీరు చెప్పవలసినది చెప్పినగాని ఆతడు ఆ నిర్ణయము చేయజాలడు.

నా సోదర వైద్యులెవరైన వినుచున్నచో వారికొక మాట. "మందులేమైన వాడుచున్నారా?" అని ఊరకొనకుడు. "కంట చుక్కలు వేసికొనుచున్నారా?" అని వేరుగా అడుగుడు. ఆ ప్రశ్నకు పట్టునది రెండు క్షణములు. నేను ఆ రెండు క్షణములను మిగుల్చుకొని మా పెదనాన్నగారికి నాలుగు రాత్రుల నరకమును చూపితిని.

చుక్కలు మార్చిన వారములో ఆయన ఊపిరి కుదుటబడినది. గొట్టము మరల మాట వినసాగినది. చూపును నిలిచినది. ఆ పిమ్మట పండ్రెండేండ్లు ఆయన జీవించిరి. నేను ఊరికి పోయినపుడెల్లను అరుగుమీద నలుగురిలో నన్ను కూర్చుండబెట్టుకొని, "మావాడు పెద్ద వైద్యుడు. కాని నా రోగము కనిపెట్టినది మాత్రము మా యింటిది" అనెడివారు. అది పరిహాసమే యైనను నూటికి నూరుపాళ్ళు నిజము. మా దొడ్డమ్మ ఆనాడు అడిగిన ఆ చిన్న ప్రశ్నయే ఆయన ప్రాణమును నిలిపినది. మీరును అడుగుటకు సందేహింపకుడు.